దూరపు క్లస్టర్లను కలిపే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేర్వేరు ఊళ్లలో ఉన్న సర్వర్ క్లస్టర్లను (జట్టుగా పనిచేసే సర్వర్ల గుంపులను) కలిపి ఒకే వ్యవస్థగా నడపడం గురించి వచ్చిన ఉత్తరాలలో ఐదింటిని ఈ సంచికకు తీసుకున్నాం. చాలామంది మొట్టమొదట అడిగింది లింకు వేగం గురించే. నా దృష్టిలో అది అన్నిటికంటే చివర తేల్చవలసిన అంకె. ఏ పని దేనికోసం ఆగాలి, ఏది తెగినా ఏది నడవాలి అన్న రెండు సంగతులు తేలకుండా కొన్న లింకు ఎంత పెద్దదైనా ఉపయోగపడదు. అందుకే మొదటి రెండు జవాబులకు ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: మా సంస్థ సర్వర్లన్నీ హైదరాబాద్‌లో ఒకే డేటా సెంటర్‌లో ఉన్నాయి. ముంబైలో రెండో క్లస్టర్ పెట్టి, రెండు చోట్లా డేటాబేస్ ఏ క్షణంలో చూసినా ఒకేలా ఉండేటట్టు చేయాలని యాజమాన్యం నిర్ణయించింది. అందుకు సెకనుకు 10 గిగాబిట్ల లింకు సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ యాజమాన్యం కోరుతున్నది గిగాబిట్లతో దొరికేది కాదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్ల కేబుల్‌కూ వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి రోడ్డు దూరమే 700 కిలోమీటర్ల పైచిలుకు. కేబుల్ రోడ్ల వెంట, రైలు మార్గాల వెంట, ఊళ్లలో చుట్లు తిరుగుతూ పోతుంది కనుక వెయ్యి కిలోమీటర్లుగా లెక్క వేసుకుందాం. అప్పుడు ఒక ప్యాకెట్ వెళ్లి దాని జవాబు తిరిగి రావడానికి కనీసం 10 మిల్లీసెకన్లు కావాలి. దారిలోని పరికరాల జాప్యం దీనికి అదనం. లింకును 1 గిగాబిట్ నుంచి 100 గిగాబిట్లకు పెంచినా ఈ 10 మిల్లీసెకన్లలో ఒక్కటి కూడా తగ్గదు.

ఏ క్షణంలో చూసినా ఒకేలా ఉండాలంటే, హైదరాబాద్‌లో రాసిన ప్రతి మార్పూ ముంబైలో కూడా భద్రమైందని కబురు వచ్చేవరకు అప్లికేషన్ ఆగాలి. ఒక్కొక్క లావాదేవీకి 10 మిల్లీసెకన్లు అంటే వాడుకరి గమనించలేనంత తక్కువే. కానీ డేటాబేస్ పట్టికలోని ఒకే వరుసను (రో) అందరూ మార్చవలసి వచ్చే చోట సంగతి వేరు. ఒక వస్తువు నిల్వ ఎంత ఉందో చెప్పే వరుస డేటాబేస్‌లో ఒకటే ఉంటుంది. ఒక కొనుగోలు ఆ వరుసకు తాళం వేసి, ముంబై కబురు వచ్చేదాకా పట్టుకుని ఉంటే, ఆ వస్తువును సెకనుకు 100 మందికి మించి కొనలేరు. లింకులో 99 శాతం ఖాళీగా ఉన్నా ఈ పరిమితి మారదు. మొదట మీరు చేయవలసింది అటువంటి వరుసలు మీ డేటాబేస్‌లో ఎన్ని ఉన్నాయో వెతకడం.

అప్లికేషన్ ఒక ఊళ్లో, అది అడిగే డేటాబేస్ మరో ఊళ్లో పడితే ఇంకా కష్టం. ఒక పేజీ చూపడానికి ఒకదాని తర్వాత ఒకటిగా 40 ప్రశ్నలు అడిగే ప్రోగ్రాము అనుకోండి. డేటాబేస్ పక్క రాక్‌లో ఉండి ప్రశ్నకు అర మిల్లీసెకను పట్టినప్పుడు మొత్తం 20 మిల్లీసెకన్లు; అదే డేటాబేస్ ముంబైకి వెళ్తే కేవలం ప్రయాణానికే 400 మిల్లీసెకన్లు. కాబట్టి ఫెయిలోవర్ (ఒకటి పడిపోతే పనిని మరోదానికి మార్చడం) చేసినప్పుడు డేటాబేస్‌తో పాటు అప్లికేషన్ కూడా కలిసి కదలాలన్నది ప్రణాళికలో ముందే రాసుకోవలసిన విషయం.

ఈ చిక్కుకు పెద్ద సంస్థలు కనుక్కున్న దారి, దగ్గర సైట్ ఒకటి, దూరపు సైట్ ఒకటి పెట్టుకోవడం. స్టాక్ ఎక్స్ఛేంజీలకు సెబీ పెట్టిన నిబంధనలలో ఇదే కనిపిస్తుంది: డీఆర్ సైట్ (విపత్తు వస్తే పని అందుకునే చోటు) వేరే భూకంప మండలంలో ఉండాలి, దానితో పాటు ఒక్క లావాదేవీ కూడా పోకుండా కాపాడటానికి దగ్గరలో ఇంకొక సైట్ ఉండాలి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో 3 ఎవెయిలబిలిటీ జోన్లతో (విడివిడిగా నడిచే డేటా సెంటర్ల గుంపులతో) హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. ఆ సంస్థ ఒక రీజియన్‌లోని జోన్లన్నింటినీ 100 కిలోమీటర్ల లోపే ఉంచుతుంది. ఆ దూరంలో రానుపోను ప్రయాణం ఒక మిల్లీసెకను దగ్గర ఆగుతుంది కనుక ప్రతి మార్పుకూ కబురు కోసం ఆగడం సాధ్యమవుతుంది. మీకు నా సలహా: హైదరాబాద్ పరిసరాల్లోనే మరో భవనంలో, వేరే విద్యుత్ సబ్‌స్టేషన్ మీద నడిచే చోట, ఆగి రాసే ప్రతిని ఉంచండి. ముంబైకి మాత్రం ఆగకుండా, కొన్ని సెకన్లు వెనకబడినా ఫరవాలేదన్న పద్ధతిలో పంపండి. ఆ కొన్ని సెకన్ల డేటా పోతే సంస్థకు ఎంత నష్టమో యాజమాన్యం చేత రాతపూర్వకంగా చెప్పించండి.

ఇప్పుడు లింకు వేగానికి వద్దాం. దానిని మీ డేటాలో వచ్చే మార్పు పరిమాణం నుంచి లెక్కగట్టాలి. ఉదాహరణకు రోజుకు 200 గిగాబైట్లు మారుతున్నాయి, అందులో 120 గిగాబైట్లు రద్దీగా ఉండే 4 గంటల్లోనే వస్తున్నాయి అనుకుంటే, ఆ వేళలో కావలసింది సెకనుకు సుమారు 67 మెగాబిట్లు మాత్రమే. అయితే సరిగ్గా ఆ 4 గంటలూ లింకు తెగి, తిరిగి వచ్చాక గంటలో బాకీ తీర్చాలంటే 270 మెగాబిట్ల దాకా కావాలి. మొదటిసారి 20 టెరాబైట్లు కాపీ చేయడానికి 1 గిగాబిట్ లింకు పూర్తిగా వాడినా 44 గంటలు పడుతుంది. ఈ మూడింటిలో ఏది పెద్దదైతే దానిమీద బేరమాడాలి. ఈ ఉదాహరణలోనంత పనికి 1 గిగాబిట్ చాలవచ్చు.

ఒకవేళ 10 గిగాబిట్లే కొన్నా, ఒక్క టీసీపీ (డేటా చేరిందని రసీదు తీసుకుంటూ పంపే పద్ధతి) కనెక్షన్ దానిని నింపగలదని ఆశించకండి. అవతలి నుంచి రసీదు రాకముందే ఎంత డేటా దారిలో ఉండవచ్చు అన్నదానిమీద వేగం ఆధారపడుతుంది. ఇలా దారిలో ఉండగల డేటా పరిమితినే కిటికీ (విండో) అంటారు. పాత పద్ధతిలో అది 64 కిలోబైట్లే. 10 మిల్లీసెకన్ల దూరంలో దానితో వచ్చేది 52 మెగాబిట్లు. కిటికీని పెంచుకునే ఏర్పాటు 1992 నుంచే ఉంది. కానీ 10 గిగాబిట్లను నింపాలంటే 12.5 మెగాబైట్లు దారిలో ఉండాలి, చాలా లినక్స్ వెర్షన్లలో అందుకునే వైపు బఫర్ (డేటాను తాత్కాలికంగా ఉంచే చోటు) గరిష్ఠ పరిమితి మామూలుగా 6 మెగాబైట్ల దగ్గరే ఉంటుంది. రెండు వైపులా ఆ పరిమితి పెంచాలి, లేదా ఒకేసారి అనేక కనెక్షన్లు వాడాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక క్లస్టర్, విశాఖపట్నంలో ఒక క్లస్టర్ నడుపుతున్నాం. మధ్యలో సంబంధం తెగితే విశాఖ క్లస్టర్ తనంతట తానే ప్రైమరీగా (రాతలు తీసుకునే ప్రధాన క్లస్టర్‌గా) మారేటట్టు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండే చోట్లు ఉన్నంతకాలం పెట్టుకోకూడదు. అవతలి క్లస్టర్ పడిపోయిందో, అది బాగానే ఉండి మధ్యలో తీగ మాత్రమే తెగిందో ఇవతలివైపు నుంచి తెలుసుకునే మార్గం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు పోయిన సంగతి మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. అలాంటి రోజున మీ విశాఖ సర్వర్లు జనరేటర్ మీద చక్కగా నడుస్తున్నా హైదరాబాద్‌కు అవి పోయినట్టే కనిపిస్తాయి. విశాఖకు హైదరాబాద్ పోయినట్టు కనిపిస్తుంది. ఇద్దరూ తామే ప్రైమరీ అనుకుని రాతలు తీసుకోవడం మొదలుపెడితే, తర్వాత ఆ రెండు ఖాతాలను కలపడం ఏ ప్రోగ్రామూ నమ్మకంగా చేయలేదు.

కనుక మూడో చోట ఒక ఓటు పెట్టాలి. ఎట్‌సీడీ వంటి, క్లస్టర్ సమాచారాన్ని అనేక సర్వర్లలో ఒకేలా ఉంచే వ్యవస్థలు సగానికి మించి ఓట్లు ఉన్న పక్షాన్నే రాయనిస్తాయి. హైదరాబాద్‌లో రెండు, విశాఖలో రెండు, మూడో ఊళ్లో ఒకటి పెడితే ఐదింట్లో మూడు కలిసినవారిదే అధికారం. ఎట్‌సీడీలో ఆ ఐదో సభ్యుడు కూడా పూర్తి ప్రతినే ఉంచుకుంటాడు గాని, అది చిన్నదే. డేటాబేస్‌ను అక్కడికి మోసుకుపోనవసరం లేదు. చెన్నైలోనో ముంబైలోనో అద్దెకు తీసుకున్న చిన్న వర్చువల్ మిషన్ చాలు. అసలు జాగ్రత్త దారి విషయంలో ఉంది: విశాఖ నుంచి ఆ మూడో చోటికి వెళ్లే దారి హైదరాబాద్ మీదుగా పోతుంటే, హైదరాబాద్ పోయిన రోజున మూడో ఓటు కూడా విశాఖకు అందదు. ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏ రౌటర్ల మీదుగా పోతుందో చూపే ఆజ్ఞ) చూసి సరిపెట్టుకోకుండా, సర్వీసు ఇచ్చేవారి నుంచి కేబుల్ మార్గం అడిగి తెలుసుకోండి. ఎట్‌సీడీలో హార్ట్‌బీట్ (నాయకుడు బతికే ఉన్నానని పంపే కబురు) 100 మిల్లీసెకన్లు, అది రాకపోతే కొత్త నాయకుడి ఎన్నికకు ఆగే కాలం 1000 మిల్లీసెకన్లు అన్నవి ముందే పెట్టి వచ్చే విలువలు. ఎన్నిక కాలం రానుపోను ప్రయాణానికి కనీసం పది రెట్లు ఉండాలని దాని రచయితలు చెబుతారు కనుక మన దేశంలోని దూరాలకు ఇవి సరిపోతాయి.

అయినా ఓట్ల లెక్క సరిగ్గా కుదిరినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. 2018 అక్టోబరు 21న, ప్రోగ్రాముల కోడ్‌ను దాచుకునే గిట్‌హబ్‌లో జరిగినది ఈ పనిలో ఉన్నవారందరూ తెలుసుకోవాలి. అమెరికా తూర్పు తీరంలో పాడవుతున్న 100 గిగాబిట్ల ఆప్టికల్ పరికరాన్ని మారుస్తుండగా, అక్కడి నెట్‌వర్క్ కేంద్రానికీ ప్రధాన డేటా సెంటర్‌కూ మధ్య సంబంధం 43 సెకన్లు తెగింది. ఫెయిలోవర్ చూసుకునే ఆర్కెస్ట్రేటర్ అనే సాధనం, పశ్చిమ తీరంలోనూ పబ్లిక్ క్లౌడ్‌లోనూ ఉన్న సభ్యులతో మెజారిటీ సమకూర్చుకుని, నియమం ప్రకారమే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ప్రైమరీలను పశ్చిమానికి మార్చింది. అప్పటికే తూర్పున కొద్ది సేపు రాసినవి పశ్చిమానికి చేరలేదు. బాగా రద్దీగా ఉండే ఒక క్లస్టర్‌లో అలాంటి రాతలు 954. పశ్చిమాన కొత్త రాతలు మొదలయ్యాయి కనుక వెనక్కు తిప్పడానికి వీలు లేకపోయింది. తూర్పున మిగిలిన అప్లికేషన్లు ప్రతి ప్రశ్నకూ దేశం దాటి వెళ్లి రావలసి వచ్చి కుంటుపడ్డాయి. 43 సెకన్ల తెగింపుకు సర్వీసు 24 గంటల 11 నిమిషాల పాటు దెబ్బతిన్నది. ఆ తర్వాత వారు తీసుకున్న మొదటి చర్యలలో ఒకటి, ప్రైమరీ పాత్ర ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి తనంతట తాను దాటకుండా అడ్డుకట్ట వేయడం.

మీకూ అదే చెబుతాను. ఒకే ఊళ్లో ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు ఫెయిలోవర్ ఆటోమేటిక్‌గా జరగనివ్వండి. ఊరు దాటే ఫెయిలోవర్‌కు మనిషి నిర్ణయం ఉంచండి. ఆ మనిషి ఎవరు, రాత్రి రెండు గంటలకు ఫోను ఎత్తకపోతే తర్వాత ఎవరు, ఎన్ని నిమిషాలు ఆగాలి అన్నవి రాసిపెట్టండి. అయిదు నిమిషాలు ఆగిన సర్వీసును వాడుకరులు మరచిపోతారు. చేసిన చెల్లింపు కనిపించకపోతే మాత్రం మరచిపోరు.

ప్రశ్న: రెండు చోట్లా కుబెర్నెటీస్ (కంటైనర్లలోని ప్రోగ్రాములను అనేక సర్వర్ల మీద నడిపే వ్యవస్థ) క్లస్టర్లు విడివిడిగా చాలాకాలంగా నడుస్తున్నాయి. వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా వేసే ప్రైవేటు దారితో) కలపబోతే రెండింటిలోనూ పాడ్‌లకు (ప్రోగ్రాములు నడిచే అతి చిన్న యూనిట్లకు) అవే ఐపీ చిరునామాలు ఉన్నాయని తేలింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇద్దరు వేర్వేరు మనుషులు ఇన్‌స్టాల్ చేసి, ముందే పెట్టి వచ్చిన విలువలనే ఉంచేస్తే జరిగేది ఇదే. పాడ్ నెట్‌వర్క్‌కు ఫ్లానెల్ అనే సాధనం వాడితే పాడ్‌లకు 10.244.0.0/16, క్యాలికో వాడితే 192.168.0.0/16, క్లస్టర్ కట్టే క్యూబ్‌ఏడీఎం వాడితే సర్వీసులకు 10.96.0.0/12 మామూలుగా వస్తాయి (గీత తర్వాతి అంకె చిన్నదైనకొద్దీ ఆ భాగంలో చిరునామాలు ఎక్కువ). అప్పుడు 10.244.3.17 అనే పాడ్ రెండు ఊళ్లలోనూ ఉంటుంది, ఏ రౌటరూ దానికి దారి చూపలేదు. నడుస్తున్న క్లస్టర్‌లో పాడ్ చిరునామాలు మార్చడం పేరుకు సాధ్యమేగాని, కొత్త క్లస్టర్ కట్టి పనులను విడతలుగా తరలించడమే సురక్షితం. అంతవరకు, క్లస్టర్లను కలిపే సబ్‌మెరినర్ అనే సాధనంలోని గ్లోబల్‌నెట్ వంటి చిరునామా మార్పిడి ఏర్పాటుతో నెట్టుకురావచ్చు. దానిని శాశ్వతంగా ఉంచుకోకండి. లాగ్‌లో కనిపించే చిరునామా అసలు ఎవరిదో ప్రతిసారీ వెతుక్కోవలసి వస్తుంది.

కొత్తగా కట్టేటప్పుడు 10.0.0.0/8 మొత్తాన్ని 16 సమాన భాగాలుగా, అంటే /12 లుగా విభజించి సైట్‌కు ఒకటి ఇవ్వండి. అందులో ఒక /14 పాడ్‌లకు కేటాయిస్తే, నోడ్‌కు (క్లస్టర్‌లోని ఒక్కొక్క సర్వర్‌కు) /24 చొప్పున 1024 నోడ్లు పడతాయి. ప్రతి సైట్ అవతలివారికి ఒక్క రూటు ప్రకటిస్తే చాలు. ఆ పదహారింటిలో 10.96.0.0/12, 10.240.0.0/12 మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఎంత చెప్పినా రేపు ఎవరో ఒకరు మామూలు విలువలతో ఒక క్లస్టర్ కడతారు, 10తో మొదలయ్యే చిరునామాలలో అది వచ్చి పడేది ఆ రెండింటిలోనే.

ప్రశ్న: రెండు సైట్ల మధ్య వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో టన్నెల్ వేశాం. పింగ్ బాగా వస్తోంది, లాగిన్ కూడా అవుతోంది. కానీ పెద్ద ఫలితం తెచ్చే డేటాబేస్ ప్రశ్నలు మధ్యలో ఆగిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: లక్షణాలను బట్టి ఇది ఎంటీయూ (దారిలో పట్టే ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) సమస్య. చిన్న ప్యాకెట్లు దాటుతున్నాయి, పూర్తి పరిమాణం ఉన్నవి దాటడం లేదు. మామూలు ఈథర్‌నెట్‌లో ప్యాకెట్ 1500 బైట్లు. వైర్‌గార్డ్ తన పొరకోసం కొన్ని బైట్లు తీసుకుని 1420 మిగులుస్తుంది. దాని లోపల పాడ్ నెట్‌వర్క్ వీఎక్స్‌ల్యాన్ (ప్యాకెట్‌ను మరో ప్యాకెట్‌లో చుట్టి పంపే పద్ధతి) అయితే ఇంకో 50 పోయి 1370 మిగులుతాయి. ప్యాకెట్ పెద్దదయిందని దారిలోని రౌటర్ పంపే ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలను తెలిపే సందేశాల పద్ధతి) హెచ్చరికను ఎక్కడో ఒక ఫైర్‌వాల్ పారేస్తుంటే, పంపినవారికి ఆ సంగతే తెలియదు.

ముక్కలు చేయవద్దన్న గుర్తు పెట్టి 1472 బైట్లతో పింగ్ చేయండి. హెడర్లకు 28 కలిపితే 1500 అవుతుంది. అది పోకపోతే తగ్గించుకుంటూ రండి. 1392 దగ్గర దాటితే దారి పరిమితి 1420 అని తేలినట్టు. పాడ్ నెట్‌వర్క్ ఎంటీయూను 1370గా పెట్టండి, టన్నెల్ చివరలలో ఎంఎస్ఎస్‌ను (టీసీపీ ఒక ప్యాకెట్‌లో పెట్టే గరిష్ఠ డేటాను) తదనుగుణంగా తగ్గించండి, ఐసీఎంపీని మొత్తంగా మూసివేసిన ఫైర్‌వాల్ నియమాన్ని సవరించండి.

ప్రశ్న: ఇద్దరు వేర్వేరు ఆపరేటర్ల నుంచి రెండు లింకులు తీసుకున్నా, రోడ్డు విస్తరణ పనుల్లో రెండూ ఒకేసారి తెగాయి. పైగా ఆ సమయంలో అవతలి సైట్‌లోని రౌటర్లలోకి కూడా వెళ్లలేకపోయాం. మళ్లీ ఇలా జరగకుండా ఏం అడగాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇద్దరు ఆపరేటర్లు అంటే రెండు బిల్లులు, రెండు కందకాలు అని అర్థం కాదు. ఆపరేటర్లు ఒకరి డక్ట్‌లో (కేబుల్ గొట్టంలో) మరొకరు ఫైబర్ పోగులు అద్దెకు తీసుకోవడం మామూలే. నదిమీద వంతెన దగ్గరా, మీ భవనం ప్రహరీ దాటే చోటా అందరి కేబుళ్లూ ఒకే దారిలో కలుస్తాయి. ఒప్పందానికి ముందు ఇద్దరి నుంచీ మ్యాపు మీద చూడగల మార్గం ఫైలు తీసుకుని, ఒకదానిమీద ఒకటి వేసి చూడండి. రెండు గీతలు ఎక్కడ కలుస్తున్నాయో అక్కడికి వెళ్లి కళ్లారా చూసిరావడం మంచిది. మీకు చెప్పకుండా తర్వాత మార్గం మార్చకూడదన్న షరతు కూడా ఒప్పందంలో చేర్చండి. భవనంలోకి రెండు ప్రవేశాలు వేర్వేరు వైపుల నుంచి ఉండాలి.

లింకు తెగిన సంగతి రౌటర్లకు ఎంత త్వరగా తెలుస్తుందో కూడా చూడండి. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి బీజీపీ. చాలా రౌటర్లలో దాని హోల్డ్ టైమ్ (అవతలి నుంచి కబురు రాకపోయినా ఆగే కాలం) 180 సెకన్లు. మధ్యలో స్విచ్‌లు ఉండి పోర్టు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంటే, ఆ మూడు నిమిషాలూ ప్యాకెట్లు తెగిన దారిలోనే పోతుంటాయి. బీఎఫ్‌డీని (లింకు తెగిందా అని తరచుగా కబుర్లు పంపి చూసే పద్ధతిని) 300 మిల్లీసెకన్లకు, మూడు తప్పితే తెగినట్టు అన్న లెక్కతో పెడితే ఒక సెకనులోపే రెండో దారి పడతారు. ఆ రెండో దారిలో చోటు ఉండాలి కదా: రెండు లింకులూ 70 శాతం నిండి నడుస్తుంటే, ఒకటి పోయినప్పుడు మిగిలినదానిమీద 140 శాతం పడుతుంది. గూగుల్ తన డేటా సెంటర్లను కలిపే బీ4 నెట్‌వర్క్‌లో చాలా లింకులను దాదాపు పూర్తిగా నింపి నడుపుతున్నట్టు 2013లో ప్రచురించింది. ఏ డేటా ఆగగలదో, ఏది ఆగలేదో విడదీసి, అవసరమైనప్పుడు మొదటిదానిని పక్కకు నెట్టగలగడం వల్లనే అది వారికి సాధ్యమైంది. ఆ ఏర్పాటు లేనివారు రెండు లింకుల రద్దీ మొత్తం ఒక లింకుకు లోబడి ఉండేటట్టు చూసుకోవాలి.

రౌటర్లలోకి వెళ్లలేకపోవడం తేలికగా తీసుకోవలసింది కాదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌లో బ్యాక్‌బోన్ (డేటా సెంటర్లను కలిపే ప్రధాన నెట్‌వర్క్) సామర్థ్యాన్ని కొలవడానికి ఇచ్చిన ఒక ఆజ్ఞ బ్యాక్‌బోన్ మొత్తాన్నీ పడగొట్టింది. డేటా సెంటర్లు అందడం లేదని గమనించిన డీఎన్ఎస్ (సైట్ పేరుకు ఐపీ చిరునామా చెప్పే) సర్వర్లు తమ బీజీపీ ప్రకటనలను తామే వెనక్కు తీసుకున్నాయి. ఇలాంటి రోజుకోసం ఉంచిన ప్రత్యేక నెట్‌వర్క్ కూడా పనిచేయలేదు. ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లి, అక్కడి కట్టుదిట్టమైన భద్రతను దాటి పరికరాలను చేరవలసి వచ్చింది. మొత్తం సుమారు ఆరు గంటలు పట్టింది.

మీ స్థాయికి ఖర్చు పెద్దగా లేని ఏర్పాటు ఒకటి ఉంది. ప్రతి సైట్‌లో ఒక కన్సోల్ సర్వర్ (ప్రధాన నెట్‌వర్క్ లేకపోయినా రౌటర్లలోకి వెళ్లనిచ్చే పరికరం), దానికి మొబైల్ సిమ్ ఉన్న చిన్న రౌటర్ పెట్టండి. ఆ సిమ్ మీ రెండు ఆపరేటర్లదీ కాకుండా మూడో కంపెనీది కావాలి. లాగిన్‌కు అవతలి ఊళ్లోని సర్వర్ అనుమతి అవసరం లేని ఒక ఖాతా ఆ పరికరాలలోనే ఉండాలి. వాటి ఐపీ చిరునామాలు, సర్క్యూట్ నంబర్లు, ఆపరేటర్ల ఫిర్యాదు నంబర్లు కాగితం మీద ముద్రించి రాక్ తలుపు లోపలివైపు అంటించండి. మూడు నెలలకొకసారి, ముందుగా అందరికీ చెప్పి, రెండు లింకుల కేబుళ్లనూ నిజంగానే ఊడదీసి ఆ సిమ్ ద్వారా లోపలికి వెళ్లి చూడండి. రీచార్జి అయిపోయిన సిమ్ ఆ రోజున బయటపడుతుంది.